చరవాణి – ఒక వివేచన

పెంకుటిల్లు తీసి డాబా వేసుకొనేవారిని మనం చూస్తున్నాం. డాబా తీసి పెంకుటిల్లు వేసుకొనేవారు అరుదు. వస్తువుల మార్పిడి సాధారణంగా తక్కువ సౌకర్యం నుండి ఎక్కువ సౌకర్యం వైపే సాగుతుంది. చరవాణి విషయంలో మాత్రం కొంతకాలంగా ఎదురు ప్రయాణం కూడా కనిపిస్తున్నది. స్మార్ట్‌ఫోను వాడుతున్నవారిలోనే కొందరు దానిని పక్కన పెట్టి, మాట్లాడడానికీ చిన్న సందేశం పంపడానికీ మాత్రమే పనికివచ్చే కీప్యాడ్ ఫోను కొనుక్కొంటున్నారు. న్యూయార్కుకు చెందిన లైట్ అనే సంస్థ 2017లో ఇటువంటివారి కోసమే, కాల్స్‌కు తప్ప మరి దేనికీ పనికిరాని ఫోనును విడుదల చేసింది. అదే సంవత్సరం నోకియా 3310 కొత్త రూపంలో మళ్ళీ అంగడికి వచ్చింది.

ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ చర్చ వేరొక రూపంలో జరుగుతూ ఉంటుంది. "ఆ ఫోను తీసేసి కీప్యాడ్ ఫోను ఇస్తాను, అప్పుడు గాని నువ్వు చదవవు" అంటాడు తండ్రి. "నోట్సు అంతా వాట్సాప్‌లోనే పెడుతున్నారు నాన్నా, అది లేకపోతే ఎలా?" అంటాడు కుమారుడు. ఇద్దరి మాటా నిజమే. అందువల్లనే ఇది కోపంతో తేలే విషయం కాదు. ఏ ఫోను ఏ పని కోసం పుట్టినదో, ఏది వదిలితే ఏమి పోతుందో తెలిసినప్పుడే సరైన నిర్ణయం సాధ్యమవుతుంది.

చరవాణి పుట్టినప్పుడు దాని పని ఒక్కటే. మోటరోలా సంస్థ ఇంజనీరు మార్టిన్ కూపర్ 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో నిలబడి చేతి ఫోనుతో మొదటి కాల్ చేశారు. మన దేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుండి నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో చేసిన కాలుకే గాక వచ్చిన కాలుకూ రుసుము చెల్లించవలసి వచ్చేది. 2003లో వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. ఆ ఏడాదే వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దుమ్ము చొరని మీటలు, చేతిలో జారని పట్టు, కొసన చిన్న టార్చిలైటు తప్ప అందులో చెప్పుకోదగిన విశేషాలు లేవు. కరెంటు లేని రాత్రి పొలం గట్టున నడిచే రైతుకు ఆ దీపం ఎంతగా ఉపయోగపడినదో పల్లెల్లో పెద్దలను అడిగితే చెబుతారు. ఎవరైనా పిలిస్తే ఆ ఫోను మోగేది. లేకపోతే జేబులో మౌనంగా ఉండేది.

2007లో ఐఫోను, ఆ మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోను వచ్చిన తరువాత ఆ మౌనం పోయింది. ఎవరూ పిలవకపోయినా ఫోను తానే మనలను పిలవడం మొదలైంది. ఇందుకు కారణం యంత్రంలో కన్న వ్యాపారంలో ఎక్కువగా ఉన్నది. ఉచితంగా లభించే అనేక యాప్‌లకు ఆదాయం ప్రకటనల నుండి వస్తుంది. మనం తెర ముందు ఎంతసేపు ఉంటే వారికి అంత ఆదాయం. 2006లో ఆజా రాస్కిన్ అనే రూపకర్త, తెరపై పుట చివరకు చేరగానే తరువాతి పుట దానంతట అదే వచ్చి అతుక్కొనే పద్ధతిని రూపొందించారు. పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది, సినిమాలో విశ్రాంతి పడుతుంది, పత్రికలో చివరి పేజీ వస్తుంది. ఆ ఆగిన చోటే 'ఇక చాలు' అనుకొనే అవకాశం మనకు దొరుకుతుంది. ఆ చోటును తొలగిస్తే లేచిపోవడం కష్టమవుతుంది. తాను చేసిన పని వల్ల కలిగిన అనర్థానికి రాస్కిన్ తరువాతి కాలంలో బహిరంగంగానే విచారం వెలిబుచ్చారు. కాబట్టి ఫోను ముందు గంటలు గడిపే విద్యార్థిని కేవలం సోమరి అనడం న్యాయం కాదు. అవతలి పక్కన ఆ గంటల కోసమే జీతం తీసుకొని పనిచేస్తున్న నిపుణులు ఉన్నారు.

మరి స్మార్ట్‌ఫోనును నిజంగా చిన్న ఫోనుగా మార్చివేస్తే ఏమవుతుంది? అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీనిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. 467 మంది తమ ఫోన్లలో రెండు వారాలపాటు ఇంటర్నెట్‌ను నిలిపివేయడానికి అంగీకరించారు. కాల్స్, ఎస్.ఎం.ఎస్.లు యథాతథంగా ఉన్నాయి. కంప్యూటర్‌లో ఇంటర్నెట్ వాడుకోవడానికీ ఆటంకం లేదు. వారి సగటు ఫోను వాడకం రోజుకు 5 గంటల 14 నిమిషాల నుండి 2 గంటల 41 నిమిషాలకు తగ్గింది. ఏకాగ్రత, మానసిక ఆరోగ్యం మెరుగుపడ్డాయి. వయస్సుతో పాటు పదేళ్ళలో తగ్గే ఏకాగ్రత ఎంతో, ఇక్కడ పెరిగినది దాదాపు అంత అని వారు లెక్కకట్టారు. అయితే ఈ పరిశోధనలో మనం ఎక్కువగా గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. అంగీకరించినవారిలో నియమాన్ని చాలావరకు పాటించినవారు నాలుగవ వంతు మాత్రమే. కోరి వచ్చినవారి పరిస్థితే ఇది. 'నేను డేటా ఆపుకొంటాను, యాప్‌లు తీసివేస్తాను' అనే సంకల్పం ఎంత బలహీనమో దీనిని బట్టి ఊహించవచ్చు. ఆపిన డేటాను తిరిగి తెరవడానికి ఒక్క క్షణం చాలు. కీప్యాడ్ ఫోనులో తెరవడానికే ఏమీ ఉండదు. దాని అసలు బలం అదే.

ఇక పోయేవాటి సంగతి. హాల్‌టికెట్లు, ఫలితాలు, ఉపకార వేతనాల దరఖాస్తులు అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో అనేక సేవలను వాట్సాప్‌లోకే తెచ్చింది. డబ్బు చెల్లింపుల విషయంలో అంత ఇబ్బంది లేదు. కీప్యాడ్ ఫోను నుండి కూడా యూపీఐ చెల్లింపులు జరిపే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2022లో ప్రారంభించింది. పాత 2జీ ఫోనులో జియో సిమ్ పనిచేయదు గనుక కొనేముందు 4జీ కీప్యాడ్ ఫోను అవునో కాదో చూసుకోవాలి. తెలుగులో రాసేవారికి మరొక చిక్కు ఉన్నది. ఒక ఎస్.ఎం.ఎస్.లో ఆంగ్ల అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. అందులోనూ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'జ్ఞానము' అన్న మూడక్షరాల మాట ఏడుగా లెక్కింపబడుతుంది.

ఇవన్నీ అసౌకర్యాలే గాని ప్రాణసంకటాలు కావు. కాని కొందరి విషయంలో మాట వేరు. చూపులేని విద్యార్థికి తెరపై ఉన్నదానిని చదివి వినిపించే స్మార్ట్‌ఫోనే పాఠ్యపుస్తకం. వినికిడి లేనివారు వీడియో కాల్‌లో సైగలతో మాట్లాడుకొంటారు. వారిని కీప్యాడ్ ఫోనుకు మారమనడం అవివేకం. అలాగే అన్నకు స్మార్ట్‌ఫోను ఉంచి, చెల్లెలికి మాత్రం 'నీకు చిన్న ఫోను చాలులే' అనే ఇళ్ళు ఉన్నాయి. అక్కడ చదువు పేరు చెప్పినా, జరుగుతున్నది చదువుకు సంబంధించిన నిర్ణయం కాదు.

మరొక విషయాన్ని మనం సాధారణంగా లెక్కలోకి తీసుకోము. ఒకరు స్మార్ట్‌ఫోను వదిలితే, అది చేసే పని ఆగిపోదు. ఇంకొకరి మీద పడుతుంది. కళాశాల గ్రూపులో వచ్చిన సందేశాన్ని స్నేహితుడు చదివి చెప్పాలి. దరఖాస్తును అమ్మ ఫోనులో నింపాలి. అందువల్ల మార్పిడికి ముందు ఆ భారం మోసేవారిని అడగడం మర్యాద. వారు ఒప్పుకొంటే, ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోనును ఒకచోట ఉంచి రోజుకు ఒక గంట అందరూ పనులకు వాడుకోవడం, బయటికి మాత్రం కీప్యాడ్ ఫోను తీసుకొని వెళ్ళడం ఈ రచయితకు సబబుగా తోస్తున్నది. కొత్తది వెంటనే కొననవసరం లేదు. అలమరలో మూలపడిన పాత ఫోను పనిచేస్తే దానిలో సిమ్ వేసి రెండు వారాలు వాడి చూడవచ్చు. ఆ రోజుల్లో స్మార్ట్‌ఫోను కావలసి వచ్చిన ప్రతి సందర్భాన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకొంటే, వాటిలో పని ఎంతో, అలవాటు ఎంతో ఆ కాగితమే తేటపరుస్తుంది.

వసతిగృహ కళాశాలల్లో చాలాచోట్ల ఫోనుకే అనుమతి లేదు. వారానికొకసారి వార్డెన్ ఫోను నుండి ఇంటికి మాట్లాడుతూ రెండేళ్ళు గడిపిన విద్యార్థులకు ఈ సమస్య పరీక్షలు ముగిసిన మరునాడు మొదలవుతుంది. పెట్టె సర్దుకొని ఇంటికి చేరగానే చాలామంది చేతికి కొత్త స్మార్ట్‌ఫోను వస్తుంది. ఆ వేసవిలోనే ఈఏపీసెట్ ర్యాంకు చూసుకోవాలి, కౌన్సెలింగ్‌లో కళాశాలల ఐచ్ఛికాలను ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ పనులకు ఫోను కావలసిందే. అవి ముగిసిన తరువాత అది ఎవరి గదిలో ఉండాలో తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చుని ముందుగానే మాట్లాడుకోవచ్చు.