దివిసీమ గాలి – దీపపు వెలుగు

దివిసీమలో గాలి పేరెత్తితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మనకు జ్ఞప్తికి వస్తుంది. సముద్రాన్ని ఊళ్ళమీదికి నెట్టి వేలమందిని బలిగొన్నది ఆ గాలియే. దానితోనే దీపం వెలిగించవచ్చునని శాస్త్రం చెబుతున్నది.

గాలివేగం రెండింతలైతే అందలి శక్తి ఎనిమిదింతలవుతుంది. మర రెక్కలపై తాకిడి నాలుగింతలవుతుంది. కనుక ఎదురుమొండి వంటి దీవిలో చిన్న మర నిలిపితే, తుఫాను హెచ్చరిక రాగానే స్తంభాన్ని నేలకు దించి కట్టగల ఏర్పాటుండాలి.

మరతోపాటు ఊరి కట్టుబాటూ అవసరమే. స్కాట్లండులోని ఎగ్ ద్వీపవాసులు 2008లో నాలుగు చిన్న గాలిమరలకు జలవిద్యుత్తును, సౌరవిద్యుత్తును జోడించుకొన్నారు. ఏ ఇల్లూ ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడరాదని నియమించుకొన్నారు.

మన దీవిలోనూ స్తంభం దించే బాధ్యత ఎవరిదో, కరెంటు చాలనినాడు ముందు ఎవరికివ్వాలో, మర నిలపకముందే ఊరంతా కూర్చుండి నిర్ణయించుకోవాలి.