ట్రాక్టరుకు ట్రైలరును తగిలించుట: రైతులు తెలిసికొనవలసిన విషయములు

పంట కోసి, నూర్చి, బస్తాలకెత్తినంత మాత్రమున సేద్యము ముగియదు. ధాన్యము ఇల్లో, మిల్లో, మార్కెట్ యార్డో చేరవలెను. ఒకప్పుడు ఈ పని యెడ్లబండిది. ఇప్పుడు చాల గ్రామములలో ట్రాక్టరుది. ట్రాక్టరు వెనుక తగిలించు బండిని కొన్నిచోట్ల ట్రక్కు అనియు, కొన్నిచోట్ల ట్రాలీ అనియు, తొట్టి అనియు పిలుతురు. ఈ వ్యాసములో దానిని ట్రైలరు అని వ్రాయుచున్నాను. నేను పైర్ల సాగును బోధించు ఉపాధ్యాయుడను. యంత్రములు నా విద్య కాదు. అయినను పొలముల వెంట తిరుగుటలో నా కంటబడిన సంఘటన యొకటి నాచేత ఈ వ్యాసము వ్రాయించినది.

కొన్ని సంవత్సరముల క్రిందట వరికోతల రోజులలో ఒక గ్రామమున కాలువ గట్టు ఎక్కుచున్న ట్రాక్టరును చూచితిని. వెనుక ట్రైలరులో నలుబది ధాన్యపు బస్తాలున్నవి. గట్టు సగమెక్కిన తరువాత ట్రైలరు విడిపోయి, వెనుకకు జారి, దిగువనున్న తుమ్మచెట్టుకు తగిలి ఆగెను. అంతకు కొంచెము ముందువరకు ఆ చెట్టు నీడనే ఇద్దరు కూలీలు కూర్చుండి అన్నము తినిరి. అదృష్టవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. దగ్గరకు పోయి చూడగా, కొక్కెములో పిన్నుకు బదులు ఇంటి స్లాబులో వాడు ఇనుప చువ్వ ముక్క యుండెను. అది రెండుగా తెగియున్నది. అసలు పిన్ను మూడు నెలల క్రిందట ఎక్కడనో పడిపోయినదట. చువ్వ బాగానే పనిచేయుచున్నది గదా యని దానినే ఉంచిరట.

తగిలించు చోటు చూచుటకు చిన్నది. కాని ట్రైలరులోని బరువు ట్రాక్టరు మీద ఎక్కడ పడవలెను, ఎంత పడవలెను, ఏ ఎత్తునుండి లాగవలెను అను మూడు విషయములను నిర్ణయించునది అదియే. కావున దీనిని గూర్చి ప్రతి రైతును కొంత తెలిసికొనుట అవసరము.

బరువు మోపు విధము

యెడ్లబండి తోలిన వారికి ఈ సంగతి క్రొత్త కాదు. బరువు మరీ ముందుకు పడినచో కాడి ఎద్దుల మెడలను నలుపును. వెనుకకు పడినచో నొగ పైకి లేచి, మెడకు కట్టిన పలుపులు ఎద్దుల గొంతు నొక్కును. అందుకే మన పెద్దలు ఇరుసుకు కొంచెము ముందుకు మొగ్గునట్లు బరువు సర్దెడివారు. రెండు చక్రముల ట్రైలరునకును ఇదే నియమము.

ఒక లెక్క చూతము. బస్తా 75 కిలోల చొప్పున నలుబది బస్తాలు 3,000 కిలోలు. ట్రైలరు ఇరుసు నుండి కొక్కెము వరకు దూరము 3 మీటర్లనుకొందము. మొత్తము బస్తాల బరువు కేంద్రము ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుగా నున్నచో, కొక్కెము మీద 300 కిలోల భారము పడును. అదే కేంద్రము 30 సెంటీమీటర్లు వెనుకకు పోయినచో, 300 కిలోల బలము ట్రాక్టరు వెనుక భాగమును పైకెత్తును. అపుడు వెనుక చక్రములకు నేలపట్టు తగ్గును. బ్రేకు వేసినను చక్రములు జారును. ట్రైలరు అటునిటు ఊగును.

కొక్కెము మీద పడు భారము మితిమీరినను కీడే. కొక్కెము వెనుక ఇరుసుకు 75 సెంటీమీటర్ల వెనుక నుండి, ట్రాక్టరు ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 2 మీటర్లైనచో, ఆ 300 కిలోలు ముందు చక్రముల భారమును సుమారు 112 కిలోలు తగ్గించును. ముందు చక్రములు తేలికైనచో స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు.

బస్తాలు దింపునపుడు కూడ జాగ్రత్త వహింపవలెను. ముందు భాగములోని బస్తాలను మొదట దింపినచో బరువు వెనుకకు మళ్లి నొగ పైకి లేచును. ట్రాక్టరు నుండి విడదీసి నిలిపిన ట్రైలరు ఈ విధముగా హఠాత్తుగా వెనుకకు ఒరిగి, మీదనున్న వారిని పడవేయును. వెనుక బస్తాలను మొదట దింపవలెను.

కొక్కెము ఎత్తు

ట్రాక్టరు ఎంత ఎత్తునుండి లాగునో అంత గట్టిగా దాని ముందు భాగము పైకి లేవజూచును. పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచు గట్టు మీదికి పై ట్రైలరును లాగుటకు, ఖాళీ ట్రైలరు బరువు 1,200 కిలోలు కలుపుకొని, సుమారు 600 కిలోల లాగుడు కావలెను. ట్రాక్టరు బరువు 2,000 కిలోలు, అందులో ముందు చక్రముల మీద 750 కిలోలు అనుకొందము. గట్టు ఏటవాలు వలన, కొక్కెము మీది భారము వలన కలిసి అందులో సుమారు 190 కిలోలు పోవును. నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున తగిలించినచో లాగుడు వలన మరి 150 కిలోలు తగ్గి, ముందు చక్రముల మీద 410 కిలోలు మిగులును. ఒక మీటరు ఎత్తున తగిలించినచో 300 కిలోలు తగ్గి, 260 కిలోలే మిగులును.

ట్రాక్టరు బరువులో అయిదవ వంతైనను ముందు చక్రముల మీద ఉండవలెనని నియమము. ఇక్కడ అది 400 కిలోలు. అనగా క్రింద తగిలించిన ట్రాక్టరు నియమములో నిలుచును. పైన తగిలించినది నిలువదు. బండి అదే, గట్టు అదే, డ్రైవరు అతడే. మారినది తగిలించిన ఎత్తు మాత్రమే.

కావున ట్రైలరును గాని, దిగబడిన బండిని లాగు గొలుసును గాని తయారీదారు చూపిన డ్రాబారుకే, లేక క్రింది కొక్కెమునకే తగిలింపవలెను. వెనుక ఇరుసుకు గాని, టాప్ లింకు తగిలించు చోట గాని ఎన్నడును కట్టరాదు. అట్లు కట్టి లాగినపుడు వెనుక చక్రములు కదలక మొరాయించినచో, ఇంజను బలము చక్రములను త్రిప్పలేక ట్రాక్టరునే ఇరుసు చుట్టు త్రిప్పును. ముందు భాగము లేచి వెనుకకు తిరుగబడుటకు రెండు సెకనులు కూడ పట్టదు. క్లచ్చి త్రొక్కుటకు డ్రైవరునకు వ్యవధి యుండదు. బురదలో దిగబడిన చక్రములకు దుంగలు కట్టి ముందు గేరులో లాగుట ఈ కారణముననే ప్రాణాపాయకరము. వెనుక గేరులో నెమ్మదిగా బయటికి వచ్చుటయో, మరియొక ట్రాక్టరు సహాయము పొందుటయో మేలు.

అతుకు ముక్కల సంగతి

ట్రాక్టరొక తయారీ, ట్రైలరొక తయారీ అయినపుడు రెండును సరిగా కుదరకపోవచ్చును. అపుడు వెల్డింగు షాపులో ఒక ముక్క చేయించి నడుమ అతికించుట పరిపాటి. ఈ ముక్క కేవలము కలుపుటకే యని తలపరాదు. పై లెక్కలోని కొక్కెమును అతుకు ముక్కతో 40 సెంటీమీటర్లు వెనుకకు జరిపినచో, అదే 300 కిలోల భారము ముందు చక్రములను 112 కిలోలకు బదులు 172 కిలోలు తేలికచేయును. బరువు పెరుగలేదు, మీట పొడవు పెరిగినది.

ఈ చిక్కు మనకు మాత్రమే కాదు. అమెరికాలో పెద్ద ట్రైలర్లను పికప్ బండ్లతో లాగుటకు రెండు పద్ధతులున్నవి. ఒకటి ఫిఫ్త్ వీల్, అనగా అయిదవ చక్రము. గుఱ్ఱపు బండ్ల ముందు ఇరుసు మీద తిరుగు వలయము నుండి ఆ పేరు వచ్చినది. ఇందులో ట్రైలరు మెడ క్రిందనున్న లావుపాటి పిన్ను, పికప్ తొట్టిలో ఎత్తున బిగించిన పళ్లెములో పడి తాళము వేసికొనును. రెండవది గూస్‌నెక్, అనగా బాతుమెడ. ఇందులో తొట్టి అడుగున ఒక ఇనుప గుండు ఉండును. ట్రైలరు మెడ వంగి వచ్చి దానిమీద కూర్చుండును. ఫిఫ్త్ వీల్ ట్రైలరును గుండు మీద తగిలింపగోరువారు నడుమ నొక అతుకును వాడుదురు. దీనివలన బరువైన పళ్లెమును తొట్టిలో బిగించు పని తప్పును. కాని కలయు చోటు అడుగు పైచిలుకు క్రిందికి దిగును. ఆ మేరకు మీట పొడవై, బ్రేకు వేసిన ప్రతిసారియు, గుంతలో పడిన ప్రతిసారియు ట్రైలరు మెడలోని ఇనుమును మెలివేయును. అందుచేత కొందరు తయారీదారులు తాము ఆమోదింపని అతుకు వాడినచో చట్రమునకు పూచీ వహింపరు. గుండు మీద తగిలించిన ట్రైలరుకు రక్షణ గొలుసులు కూడ తప్పనిసరి.

వారి బండ్లు వేరు, మన బండ్లు వేరు. సూత్రము మాత్రము ఒక్కటే. అతుకు లేకుండ కుదిరినచో అతుకు వద్దు. తప్పనిసరియైనచో తయారీదారు ఇచ్చు డ్రాబారునే తెచ్చి బోల్టులతో బిగింపవలెను. డ్రాబారును, కొక్కెమును కాల్చి వంచరాదు, వెల్డింగు చేయరాదు. వేడి తగిలిన చోట ఉక్కు బిరుసు మారి, పైకి కనబడని పగులు ఏర్పడవచ్చును.

పిన్ను, గొలుసు

పిన్ను తయారీదారు చెప్పిన లావున, కొక్కెపు రంధ్రమునకు సరిపడ నుండవలెను. వదులు పిన్ను ప్రతి కుదుపుకును సుత్తివలె కొట్టి రంధ్రమును పెద్దది చేయును. పిన్ను పైకి ఎగిరిపోకుండ దాని కొనకు క్లిప్పు తప్పక పెట్టవలెను. చువ్వముక్క, బోల్టు, మేకు ఇవేవియు పిన్ను కావు. కొక్కెము గాని, ట్రైలరు రింగు గాని అరిగి సన్నబడినచో వెంటనే మార్చవలెను.

దీనికి తోడు రక్షణ గొలుసు అవసరము. ఇది నిండు ట్రైలరు బరువును ఆపగలిగినది కావలెను. రెండు గొలుసులను నొగ క్రింద ఒకదానిమీద నొకటి అడ్డముగా పోనిచ్చి ట్రాక్టరు చట్రమునకు తగిలించినచో, పిన్ను తెగినను నొగ నేలకు గ్రుచ్చుకొనక గొలుసుల మీద నిలుచును. గొలుసును అదే పిన్నుకు తగిలించుట వ్యర్థము. పిన్నుతోపాటు అదియును పోవును. మలుపు తిరుగుటకు చాలినంత వదులు ఉంచవలెను; నేలమీద ఈడ్వరాదు.

తగిలించు క్రమము

1. ట్రైలరును చదునైన నేలమీద నిలిపి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు గాని కొయ్యదిమ్మలు గాని అడ్డము పెట్టవలెను.

2. నొగను స్టాండు మీద కొక్కెపు ఎత్తునకు సరిచేయవలెను. మనుష్యులు చేతులతో ఎత్తి పట్టుకొనరాదు.

3. ట్రాక్టరు వెనుకకు వచ్చునపుడు ట్రాక్టరుకు ట్రైలరుకు నడుమ ఎవరును నిలువరాదు. దారి చూపువారు పక్కగా, డ్రైవరునకు కనబడునట్లు నిలువవలెను.

4. ట్రాక్టరు ఆగి, గేరు తీసి, చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపిన తరువాతనే పిన్ను పెట్టుటకు లోపలికి పోవలెను.

5. పిన్ను, క్లిప్పు, గొలుసులు, వెనుక దీపపు తీగ వరుసగా చూచుకొని, చివరకు స్టాండు ఎత్తి, అడ్డములు తీయవలెను.

6. పది అడుగులు నడిపి, ఆపి, దిగి మరల ఒకసారి చూడవలెను.

బ్రేకులు, వేగము

మన ట్రైలర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు లేవు. మొత్తము బరువును ట్రాక్టరు వెనుక చక్రములే ఆపవలెను. పొడి తారురోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు ఒంటరి ట్రాక్టరు, బ్రేకు పట్టిన తరువాత సుమారు 9 మీటర్లలో ఆగునని లెక్క. నలుబది బస్తాల ట్రైలరుతో అదే వేగమున ఆగుటకు తక్కువలో తక్కువ 22 మీటర్లు కావలెను. వేగము 15 కిలోమీటర్లకు తగ్గించినచో 6 మీటర్లలోపల ఆగును. వేగము సగమైనచో ఆగు దూరము నాలుగవ వంతగును. తడి రోడ్డు మీద, కంకర మీద ఈ దూరములన్నియు పెరుగును.

రోడ్డెక్కుటకు ముందు రెండు బ్రేకు పెడళ్లను కొలికితో కలుపవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి బండి పక్కకు తిరుగును. దిగుడులో గేరు తీసి న్యూట్రలులో పోరాదు. ఎక్కుటకు వాడిన గేరులోనే దిగవలెను. చీకటిపడిన తరువాత ట్రైలరు వెనుక ఎర్రదీపములు, మెరయు పట్టీలు లేనిచో వెనుక వచ్చు వాహనములకు అది కనబడదు. రోడ్డు ప్రక్క ఆపిన ట్రైలరును గుద్దుకొని ఎందరో మోటారు సైకిలుదారులు ప్రాణములు కోల్పోవుచున్నారు.

ట్రైలరులో మనుష్యులు

2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రైలరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో అధికులు పొలము పనికి బయలుదేరిన స్త్రీలు. బస్తా జారిపడినచో మరల ఎత్తుకొనవచ్చును. మనుష్యులు బస్తాలు కారు. ఒరుగుచున్న ట్రైలరులో వారికి పట్టుకొనుటకు ఏమియు లేదు; పైగా వారు ఒక ప్రక్కకు జరిగినచో బరువు కేంద్రము కూడ జరిగి, ఒరుగుట త్వరితమగును. మోటారు వాహనముల నియమములలో వ్యవసాయ ట్రైలరు సరకులకే ఏర్పడినది. దారి దగ్గరయనియు, ఆటో కిరాయి మిగులుననియు కూలీలను అందులో ఎక్కింపరాదు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టుటయు మానవలెను.

ముగింపు

పైన చెప్పినవానిలో ఎక్కువ ఖర్చుతో కూడినవి లేవు. సరియైన పిన్ను, క్లిప్పు, రెండు గొలుసులు, ఒక స్టాండు, రెండు కొయ్యదిమ్మలు, కొంచెము మెరయు పట్టీ. వీని వెల మొత్తము ట్రైలరులో నిండిన ధాన్యపు వెల ముందు స్వల్పము. కోతల హడావుడి మొదలైన తరువాత వీనిని చూచుటకు తీరిక యుండదు. కావున ఈ వ్యాసము చదివిన రైతులు ఈ సాయంత్రమే కొట్టములోనికి పోయి, తమ కొక్కెములో ఉన్నది పిన్నో, చువ్వముక్కో స్వయముగా చూచుకొందురు గాక.