ప్రోగ్రామింగ్ వచ్చినవారికి మళ్లీ శిక్షణ ఎందుకు?

సంఘం విద్యా కమిటీలో దరఖాస్తులు చూడటం నాకు కొన్నేళ్లుగా అలవాటైన పని. ఇంటర్ ఫీజు, పాలిటెక్నిక్ హాస్టల్ ఖర్చు, బి.ఎడ్. పుస్తకాలు... వీటి మీద పెద్దగా చర్చ ఉండదు. కిందటేడాది వచ్చిన ఒక దరఖాస్తు మాత్రం మమ్మల్ని రెండు సమావేశాలు కూర్చోబెట్టింది. అబ్బాయి వయసు 31. ఏడేళ్లుగా ప్రోగ్రామరు. పదో తరగతి లెక్కలు నా దగ్గరే చదివాడు. పెద్ద సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారుచేయడం నేర్పే ఆరు నెలల శిక్షణకు ఫీజు అడిగాడు.

"పని వచ్చినవాడికి మళ్లీ చదువేమిటి మాస్టారూ? ఆ డబ్బుతో ఇద్దరు పిల్లల ఇంటర్ గడుస్తుంది కదా" అన్నారు ఒక పెద్దాయన. న్యాయమైన ప్రశ్నే. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. అందుకని ఒక ఆదివారం ఆ అబ్బాయిని ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. డబ్బు ఇచ్చేది మీరు కనుక, నాకు అర్థమైనంత మీ ముందు పెడుతున్నాను.

అతను రాసేది మందుల షాపులకు, కిరాణా దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు. ఒక షాపు, ఒక కంప్యూటరు, ఒక గుమాస్తా. చక్కగా నడుస్తాయి. హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళితే ఇలా అడిగారట: "గోదాములో ఒక్క బస్తా మిగిలింది. రెండు ఊళ్ల నుంచి ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో దాన్ని అమ్మితే మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుంది సార్, ఇద్దరికీ అమ్మేస్తుంది" అని నా దగ్గర నవ్వాడు. అక్కడ నవ్వలేకపోయాడు.

మన ఇళ్లలో పదిమందికి బిర్యానీ చక్కగా వండే వారు చాలామంది ఉన్నారు. అదే చేతికి వెయ్యిమంది వలీమా అప్పగిస్తే అన్నీ వందరెట్లు వేస్తే సరిపోదు. దేగ్ అడుగంటకుండా నిప్పు ఎంత ఉండాలి, మొదటి పంక్తి లేచేసరికి రెండో దేగ్ దమ్ మీద ఉందా లేదా, ఒక వంటవాడు రాకపోతే ఎవరు చూస్తారు... ఇదంతా వేరే విద్య. ఐబీఎంలో ఒక భారీ సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన పుస్తకంలో దీనికి ఒక లెక్క చెప్పాడు. ఒకరు తమ కోసం రాసుకున్న ప్రోగ్రామును నలుగురూ వాడుకునే సరుకుగా మార్చాలంటే మూడురెట్ల శ్రమ. దాన్ని పెద్ద వ్యవస్థలో ఇమడ్చాలంటే మరో మూడురెట్లు. మొత్తం తొమ్మిదిరెట్లు. ఇది ఆయన అనుభవం మీద వేసిన అంచనాయే గానీ, ఈ తేడాను ఇంత తేలిగ్గా చెప్పినవారు నాకు మరొకరు కనిపించలేదు.

బ్యాంకు, ఆసుపత్రి, రైల్వే రిజర్వేషను వంటివాటి వెనుక ఉండేవి ఈ పెద్ద అప్లికేషన్లు. వేలమంది ఒకేసారి వాడతారు. రాసినవారు ఉద్యోగం మారి వెళ్లిపోయినా ఏళ్ల తరబడి నడవాలి. మీ ఖాతాలో వెయ్యి రూపాయలు తగ్గి, మీ అన్నగారి ఖాతాలో పెరిగే లోపు కరెంటు పోయిందనుకోండి. రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. సగం జరగడం అనే మాటే ఉండకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. అలాగే సిగ్నలు సరిగా లేక ఒక తండ్రి స్కూలు ఫీజు బటను రెండుసార్లు నొక్కాడు. ఫీజు మాత్రం ఒక్కసారే కట్టబడాలి. చిన్న షాపులో ఇలాంటివి ఏడాదికొకసారి జరిగితే చేత్తో సరిచేసుకుంటారు. లక్షమంది వాడేచోట రోజూ జరుగుతాయి.

ఇవి తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి అతను నాకు అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కథ చెప్పాడు. తర్వాత నేనూ చదివాను. 2012 ఆగస్టు 1న ఆ సంస్థ కొత్త ప్రోగ్రాముతో మార్కెట్లోకి దిగింది. మొత్తం ఎనిమిది సర్వర్లు. కొత్త కోడ్ ఏడింటిలో పెట్టారు, ఒకదానిలో మరిచారు. సరిచూసే రెండో మనిషి లేడు. ఆ ఎనిమిదో సర్వరులో ఏళ్ల క్రితమే వాడటం మానేసిన పాత కోడ్ తీసెయ్యకుండా అలాగే ఉంది. పైగా ఆ పాత కోడ్‌ను లేపే మీటనే కొత్త పనికీ వాడారు. మార్కెట్ తెరవగానే అది నిద్రలేచి ఆపకుండా షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. కంగారులో మంచిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో అవీ ఎనిమిదోదానిలాగే తయారయ్యాయి. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్ తెరవకముందే ఆ సంస్థ ఉద్యోగులకు హెచ్చరికలాంటి ఈ-మెయిళ్లు 97 వెళ్లాయని తర్వాత విచారణలో తేలింది. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

అక్కడ ఎవరికీ ప్రోగ్రామింగ్ రాక కాదు. అందరూ అనుభవజ్ఞులే. లేనిది మరో నేర్పు.

ఇక్కడ నా బి.ఎడ్. చదువు గుర్తొచ్చింది. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ప్రకటించిన వర్గీకరణ మా తరం ఉపాధ్యాయులు బట్టీపట్టినదే: జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. మా విద్యార్థి ఏడేళ్లూ మూడో మెట్టు మీద నిలబడ్డాడు. నేర్చుకున్నది వాడాడు, మళ్లీ వాడాడు. అమీర్‌పేట కోర్సులూ ఎక్కువగా ఆ మెట్టుదాకా తెచ్చి వదులుతాయి. వాటిని తక్కువ చేయడం లేదు, వాటితో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. కానీ పై మూడు మెట్లు నోట్సు రాయించి ఎక్కించలేం. పైగా పని వచ్చినవారికి నేర్పడం కొత్తవారికి నేర్పడం కన్నా కష్టం. వాళ్ల చేతికి పాత అలవాటు ఉంటుంది. "నాదెప్పుడూ ఇలాగే నడిచింది" అంటారు. నడవని సందర్భాన్ని కళ్లముందు పెడితే తప్ప వినరు.

కమిటీ అనుమతితో నేను ఆ శిక్షణ తరగతి వెనుక బెంచీలో రెండు ఆదివారాలు కూర్చున్నాను. మొదటి రోజు వాళ్లకు ఖాళీ స్క్రీను ఇవ్వలేదు. ఎవరో రాసి వదిలేసిన వేల లైన్ల కోడ్ ఇచ్చి, అందులో ఒక్క చిన్న మార్పు చేయమన్నారు. రాయడానికి పది నిమిషాలు, ఎక్కడ రాయాలో తెలుసుకోవడానికి రోజంతా పట్టింది. రెండో ఆదివారం ఆరుగురు కలిసి ఒక పని చేస్తుండగా, గురువు చెప్పకుండా వెళ్లి డేటాబేస్ ఆపేశాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన వాచీ చూసుకున్నాడు. నిలబెట్టడానికి గంటన్నర పట్టింది. తర్వాత తప్పు ఎవరిదని కాదు, ఎందుకు జరిగింది, ముందే ఎలా తెలిసేది అని ఒక్కొక్కరి చేత రాయించాడు. ఒకరి కోడ్ మరొకరు చదివి ఒప్పుకోనిదే ముందుకు పోనివ్వడు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మంచి పాఠాలు నేను ఎక్కువ చెప్పలేదు.

అందుకే ఇలాంటి దరఖాస్తు వస్తే సర్టిఫికెట్ ఏ కంపెనీదని అడగడం మానేశాను. నేర్చుకునేవారి కోడ్‌ను గురువు కూర్చుని చదువుతాడా, అందరూ కలిసి ఒకే పెద్ద పని చేస్తారా, ఆ గురువు స్వయంగా ఇలాంటి వ్యవస్థలు నడిపాడా అని అడుగుతున్నాను. వీడియోలు చూపించి పరీక్ష పెట్టేవాటికి ఫీజు సిఫారసు చేయడం లేదు.

ఆ పెద్దాయన మాటలోనూ బలం ఉంది. సంపాదించేవాడికి దానం ఇవ్వలేం. చివరికి ఆ ఫీజు కర్జె హసనాగా, వడ్డీ లేకుండా, ఇరవై వాయిదాల్లో తిరిగి కట్టేటట్టు ఇచ్చాం. ఇంటర్ పిల్లల నిధిని ముట్టుకోలేదు. శిక్షణ అయ్యాక అతనికి హైదరాబాదులోనే ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ చేసేచోట పని దొరికింది. ఇప్పటికి నాలుగు వాయిదాలు కట్టాడు. మూడోది పొరపాటున రెండుసార్లు పంపాడు. మన ఖాతా పుస్తకంలో రెండుసార్లూ జమ పడింది. కోశాధికారి గమనించలేదు. ఫోను చేసి చెప్పింది అతనే.