మనోగాయం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరిన యాత్రికునికి మొదట స్ఫురించేది నరసింహస్వామి ఉగ్రరూపమే. హిరణ్యకశిపుని వధ ముగిసినా స్వామి ఆగ్రహం చల్లారలేదు. దేవతలు దూరంగా నిలిచి స్తుతించారు. లక్ష్మీదేవి సైతం సమీపించడానికి జంకింది. చివరకు బాలుడైన ప్రహ్లాదుడు దగ్గరకు వెళ్లగా స్వామి శాంతించాడని భాగవత కథ. పోరు ముగిసినా మనసులోని పోరు వెంటనే ముగియదన్న సత్యం ఇందులో ఇమిడి ఉంది.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో వైద్యులు ఈ సత్యాన్ని ప్రత్యక్షంగా చూశారు. ఒంటిపై గాయం లేకున్నా కొందరు సైనికులకు మాట పడిపోయింది, చేతులు వణికాయి, పీడకలలు నిద్రను హరించాయి. 1915లో చార్లెస్ మయర్స్ ఈ స్థితిని ‘షెల్ షాక్’ అనే పేరుతో వైద్యలోకానికి వివరించాడు. పలువురు సైన్యాధికారులు మాత్రం దీనిని పిరికితనంగా ఎంచారు. పిరికితనం, పారిపోవడం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో గాని క్షమాపణ దక్కలేదు.

స్కాట్లండులోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో రివర్స్ అనే వైద్యుడు రోగులను నిందించలేదు. భయంకర స్మృతులను అణచుకోవద్దని చెప్పి, వారి మాటలను ఓర్పుతో ఆలకించాడు. అయితే కోలుకున్నవారిని తిరిగి యుద్ధరంగానికి పంపడం కూడా ఆయన విధియే. సైనిక మనోవైద్యంలోని ధర్మసంకటం ఇదే.

1980లో అమెరికా మనోవైద్య సంఘం ఈ వ్యాధికి అధికారికంగా స్థానం కల్పించింది. నేడు దీనికి చికిత్స ఉంది. 2022లో భారతప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై లభిస్తున్నది. సైనికుడైనా, సామాన్యుడైనా మనోగాయాన్ని దాచుకోనక్కరలేదు. జంకక దగ్గరకు వెళ్లి వినే ప్రహ్లాదుడొకడు ఉండడమే చికిత్సకు తొలిమెట్టు.