బలశాలి ఊపిరియు, పొగయు

ఆరోగ్యశాస్త్రపాఠము చెప్పుచుండగా నొకనాడు మా తరగతిలోని బాలుడు లేచి, "అయ్యా! పొగ ఉబ్బసము గలవారికి గదా చెరుపు? నావంటి బలశాలి నది యేమి చేయును?" అని యడిగెను. తక్కిన బాలురు నవ్విరి గాని, ప్రశ్న మంచిది.

మన శ్వాసనాళముల లోపలి పొరపై పలుచని జిగురు గలదు. కంటికి కానరాని సన్నని నూగు ఆ జిగురును ఎల్లప్పుడును గొంతువైపునకు నెట్టుచుండును. పెద్ద ధూళి ముక్కునందో, ఈ జిగురునందో చిక్కి వెలికి వచ్చును. డీజిలు పొగలోని మసిరేణువు లట్లు గాదు. అవి తలవెండ్రుక మందములో ముప్పదవ పాలుకంటెను చిన్నవై లోలోపలికి చొచ్చును. అంతట పొరయందలి కణములు హెచ్చరిక పంపగా, రక్తములోని తెల్లకణములు శత్రువు వచ్చెనని యచ్చటికి చేరును. ఇట్లు కలుగు వాపునే శోథ మందురు. గాయము మానుటకు శోథము మేలే. నిత్యము కలిగినచో కాపాడవలసిన పొరకే కీడు.

ఇది ఆరోగ్యవంతులకును కలుగునా? స్వీడను దేశములోని ఉమియో పట్టణమున జరిగి, 1999లో ప్రకటింపబడిన పరీక్ష దీనికి సమాధానము. ఆరోగ్యవంతులగు 15గురు ఒక గదిలో, ఒకమారు శుద్ధవాయువును, వేరొకమారు పలుచబరచిన డీజిలు పొగను గంటసేపు పీల్చిరి. ఆ పొగలో ఘనమీటరునకు 300 మైక్రోగ్రాముల రేణువు లుండెను. ఆరుగంటల పిమ్మట వైద్యులు సన్నని గొట్టమును శ్వాసనాళములలోనికి దింపి పరీక్షింపగా, పొగ పీల్చిన దినమున తెల్లకణము లచ్చట అధికముగా గుమిగూడి యుండెను. వింత యేమన, ఊపిరి నూది కొలుచు పరీక్షలో మాత్రము మార్పేమియు లేకుండెను!

ఒక్క గంట పొగచే ఆరోగ్యవంతుడు రోగి యగునని దీని యర్థము గాదు. ఊపిరి చక్కగా ఆడుచున్నంత మాత్రమున లోపల కీడు లేదనరాదని మాత్రము తెలియుచున్నది. దినమంతటి సగటున నిట్టి రేణువులు 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పెను. ఢిల్లీలో చలికాలపు చెడుదినములయందు 300 కూడ మించుట కలదు.

కావున బాలబాలికలారా! రాలిన యాకులను కాల్పక గోతిలో వేసి యెరువు చేయుడు. పొగ గ్రక్కు బండి వెనుక నిలువకుడు. తలిదండ్రులారా! కట్టెలపొయ్యి గల వంటయింటికి పొగగొట్ట ముంచుడు. బలము దేవుని వరమే. దానిని కాపాడుకొనుట మన పని.