ఊపిరితిత్తిలో పుట్టులోపం, దానిపై నోకార్డియా

పల్మనరీ సీక్వెస్ట్రేషన్‌లో ఊపిరితిత్తి కణజాలం కొంత శ్వాసనాళాలతో సరైన సంబంధం లేకుండానే ఏర్పడుతుంది. 1946లో ఈ పేరు పెట్టింది ప్రైస్. అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాల్సింది: ఆ భాగానికి రక్తం పుపుస ధమని నుంచి కాదు, బృహద్ధమని నుంచో దాని శాఖల నుంచో అందుతుంది. స్రావాలు నిలిచిపోయి న్యుమోనియా పదేపదే వస్తుంది.

మట్టిలో ఉండే నోకార్డియా ఈ లోపమున్న భాగంలో చేరడం చాలా అరుదు. 1888లో ఎడ్మండ్ నోకార్డ్ పశువుల్లో కనుగొన్న బ్యాక్టీరియా ఇది. పాక్షికంగా యాసిడ్ ఫాస్ట్ కనుక క్షయగా పొరబడే ప్రమాదముంది. ఆ పొరపాటు రోగికి ఖరీదైనది. ప్రధాన ఔషధం కో-ట్రైమాక్సజోల్, అదీ నెలల తరబడి. లోపమున్న భాగాన్ని శస్త్రచికిత్సతో తీసేస్తారు.