అగ్నిగోళము కనబడినపుడు

హబ్సిగూడలో రాత్రివేళ మిద్దెపై నిలిచి చూచువారికి వీధిదీపముల కాంతిచే నక్షత్రములు కొలదిగానే కనబడును. అయినను ఒకానొకప్పుడు శుక్రునికంటె మిక్కిలి ప్రకాశించు వెలుగొకటి యాకసమున బరుగెత్తి, నేలపై నీడలు పడునంత కాంతి నిచ్చి, కొన్ని క్షణములలో నారిపోవును. దీనినే అగ్నిగోళమందురు. “చుక్క తెగిపడినది, ఎవరికో కీడు మూడినది” యని కొందరు పెద్దలు చెప్పుకొనుట మన మెరుగుదుము. ఈ భయమునకు గారణము గలదా యని విచారింతము.

నిజమునకు నక్షత్రమేదియు దెగిపడదు. సూర్యుని చుట్టు దిరుగు శిలాశకలములు సెకనునకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగముతో మన వాయుమండలమున జొచ్చును. శిలకు ముందున్న గాలి తటాలున నణగి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిమికి శిల పైభాగము కరగి, ఆవిరియై వెలుగును. ఇసుకరేణువంతటివి సాధారణమైన ఉల్కలు. అంతకంటె పెద్దవి అగ్నిగోళములగును. పూర్తిగా దహింపక నేల జేరినది ఉల్కాశిల.

తెలుగుదేశమునను ఇట్టి శిలలు పడినవి. 1814లో గుర్రంకొండ కడను, 1852లో నెల్లూరు ప్రాంతమునను, 1997 డిసెంబరు 13న నాటి కృష్ణాజిల్లాలోని విస్సన్నపేట కడను బడినట్లు గ్రంథస్థమై యున్నది. విస్సన్నపేట శిల వెస్టా యను చిన్నగ్రహమునుండి వచ్చినదిగా నెంచబడు జాతికి జెందినది.

ఇక కొలత విషయము. 1798లో జర్మనీదేశమున గెట్టింగెన్ విద్యార్థులు బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అను నిరువురు దూరదూరముగా నిలిచి, ఒకే ఉల్కను ఒకేసమయమున జూచి, ఆ రెండు చూపుల భేదమునుబట్టి దాని యెత్తును గణించిరి. ఒక్కరి చూపు చాలదు. ఇద్దరి చూపు కలిసిననే లెక్క తేలును. కావున విద్యార్థులారా, అగ్నిగోళము కనబడిన వెంటనే గడియారము చూచి కాలము వ్రాసికొనుడు. అది ఉప్పలువైపు తూర్పున బుట్టెనా, నాచారమువైపు ఈశాన్యమున నారెనా, ఉస్మానియా విశ్వవిద్యాలయమువైపు పడమటికి బోయెనా గుర్తింపుడు. చేయి చాచి పిడికిలి బిగించిన, దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దానితో ఎత్తును గొలువుడు. రంగును, ఎన్ని సెకనులు వెలిగెనో దానిని గూడ వ్రాయుడు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ధ్వని మూడు సెకనులకు సుమారొక కిలోమీటరు మాత్రమే నడచును. 30 కిలోమీటర్ల దూరమున బ్రేలినదాని శబ్దము మనకు నిమిషమున్నరకు వినబడును. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో జనులు వెలుగును జూచి కిటికీల యొద్దకు బరుగెత్తిరి. పిమ్మట వచ్చిన గాలితాకుడునకు అద్దములు పగిలి వేయిమందికి పైగా గాయపడిరి. కావున మహాకాంతి కనబడినపుడు అద్దపు కిటికీలకు దూరముగా నుండవలెను. చిన్నపిల్లలను గూడ నటులే దూరముగా నుంచవలెను.

1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన హబ్సిగూడలోనే యున్నది. భూమిని శోధించు విద్య యింత చేరువ నుండగా, ఆకాశమునుండి వచ్చు శిలను గూర్చి భయపడి యూరకుండుట మనకు దగదు. సృష్టికర్త పనులను శ్రద్ధతో జూచి, చూచినది చూచినట్లు వ్రాయుటయే విద్యార్థికి దగిన పని.